పోర్ట్ 22 మూసేద్దాం: దుకాణం సర్వర్‌కి వైర్‌గార్డ్ దారి వేసే పద్ధతి

ఎనుమాముల మార్కెట్‌కి పత్తి బండ్లు వరుసకట్టే రోజుల్లో అడ్తి దుకాణాల కంప్యూటర్లకు ఊపిరాడదు. కాంటా చీటీలు, రైతుల ఖాతాలు, హమాలీ కూలి లెక్కలు అన్నీ మూలన పెట్టిన ఒక్క డబ్బాలోనే ఉంటాయి. అది ఆగిందంటే నాకు ఫోన్: "అన్నా, బిల్లు పడ్తలేదు, జర చూడరాదే." నేనుండేది హన్మకొండలో. ప్రతిసారీ బండి తీయలేక, ఇంటి నుంచే సర్వర్‌లోకి వెళ్ళే ఏర్పాటు చేసుకున్నాను. మొదట్లో అందరూ చేసే పనే నేనూ చేశాను. రౌటర్‌లో పోర్ట్ 22ను, అంటే దూరం నుంచి కమాండ్లు కొట్టనిచ్చే ఎస్ఎస్‌హెచ్ అనే ప్రోగ్రాము వినే తలుపును, సర్వర్‌కి ఫార్వర్డ్ చేసి, పాస్‌వర్డ్ గట్టిదే పెట్టానులే అని ఊరుకున్నాను.

అలా పెట్టిన సర్వర్ మీ దగ్గరా ఉంటే, ఒక రాత్రి గడిచాక దాని ఎస్ఎస్‌హెచ్ లాగ్ తెరిచి చూడండి. "ఫెయిల్డ్ పాస్‌వర్డ్ ఫర్ ఇన్‌వాలిడ్ యూజర్ అడ్మిన్" అని ఒక లైను, దాని కింద ఒరాకిల్, టెస్ట్, పోస్ట్‌గ్రెస్, మళ్ళీ అడ్మిన్. తెల్లవార్లూ ఎవరో దర్వాజ తడుతూనే ఉన్నట్టు. నిజానికి మనుషులెవరూ లేరు. లోకంలోని ఐపీ అడ్రస్‌లన్నిటినీ వరసబెట్టి తట్టుకుంటూ పోయే ప్రోగ్రాములవి. మీది అడ్తి దుకాణమా, డయాగ్నస్టిక్ సెంటరా అన్నది వాటికి అనవసరం.

పాస్‌వర్డ్ గట్టిదైతే చాలనుకునే రోజులు కూడా పోయాయి. 2024 జులైలో ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లో సీవీఈ-2024-6387 అనే లోపం బయటపడింది. పాస్‌వర్డ్ తెలియకుండానే, లాగిన్ కాకముందే దాన్ని వాడుకునే వీలుంది. అదే ఏడు మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీలో ఎవరో కావాలనే ఎస్ఎస్‌హెచ్‌లోకి దొంగదారి పెట్టిన సంగతి దొరికింది. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లోనూ 2019లో బ్లూకీప్ అని ఇలాంటిదే వచ్చింది. పోర్ట్ బయటికి కనపడుతున్నన్నాళ్ళూ ప్రతి కొత్త లోపంతోనూ మనం పరుగుపందెం పెట్టుకున్నట్టే. అసలు కనపడకుండా చేసేస్తే ఆ పందెంలో మనం లేము.

అందుకు నేను వాడేది వైర్‌గార్డ్. కీలున్న మిషన్ల మధ్య మాత్రమే నెట్ మీదుగా తాళం వేసిన సొంత దారి వేసే వీపీఎన్ ఇది, ఆ దారినే టన్నెల్ అంటాం. ఇది లైనక్స్‌కి గుండెకాయలాంటి కెర్నెల్ 5.6తో, అంటే 2020 మార్చి నుంచి, కెర్నెల్‌లోనే భాగమైంది. కోడ్ దాదాపు 4,000 లైన్లు. నాకు నచ్చే గుణం దాని మౌనం. సరైన కీ లేనివాడు ఎన్ని ప్యాకెట్లు పంపినా ఇది బదులివ్వదు, "లేదు పో" అని కూడా అనదు. బయటి నుంచి స్కాన్ చేసేవాడికి అక్కడ ఏదో ఉందన్న ఆనవాలే దొరకదు.

కమాండ్ల గురించి ఒక మాట. దుకాణంలో గుమాస్తాకి ఫోన్‌లో ఎలా చదివి చెబుతానో అలాగే తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు కమాండ్లు ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. మిషన్లన్నీ ఉబుంటు 24.04 అనుకుంటున్నాను.

ముందు ఏం తెరిచి ఉందో చూడండి

సర్వర్ మీద «సుడో ఎస్ఎస్ -టీయూఎల్‌పీఎన్» కొట్టండి. ఏ ప్రోగ్రాము ఏ పోర్ట్ మీద చెవి పెట్టుకుని కూర్చుందో వరసగా వస్తుంది. తరవాత రౌటర్ పేజీలోకి వెళ్ళి పోర్ట్ ఫార్వర్డింగ్ జాబితా చూడండి. ఎప్పుడో సీసీ కెమెరాల అతను వచ్చి తెరిచిపోయిన పోర్టులు అక్కడ దొరక్కపోతే నాకే ఆశ్చర్యం. యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే ఆపేయండి. అది ఉంటే లోపలి పరికరాలు మిమ్మల్ని అడక్కుండానే పోర్టులు తెరుచుకుంటాయి.

అదే పేజీలో వ్యాన్ ఐపీ, అంటే నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్, ఏమిటో చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీది సీజీఎన్ఏటీ కనెక్షన్. అంటే ఒక పబ్లిక్ ఐపీని కంపెనీవాళ్ళు చాలామందికి కలిపి పంచుతున్నారు. అప్పుడు రౌటర్‌లో ఎంత ఫార్వర్డ్ చేసినా బయటి నుంచి ఏదీ లోపలికి రాదు. ఇది తెలియక నేను ఒక దుకాణంలో మధ్యాహ్నమంతా రౌటర్‌తో కుస్తీ పట్టాను.

అందుకే ఇప్పుడు సీజీఎన్ఏటీ ఉన్నా లేకపోయినా ఒకటే పద్ధతి పాటిస్తున్నాను. పబ్లిక్ ఐపీ ఉన్న చిన్న క్లౌడ్ మిషన్, అంటే నెట్ మీద అద్దెకి దొరికే కంప్యూటర్, ఒకటి తీసుకుంటాను. దాన్ని అడ్డా అందాం. దుకాణం సర్వరూ నా ల్యాప్‌టాపూ రెండూ బయటికి వెళ్ళి అడ్డా దగ్గర కలుస్తాయి. దుకాణం రౌటర్‌లో ఒక్క పోర్ట్ కూడా తెరవనక్కర్లేదు. ఒక కోర్, ఒక జీబీ ర్యామ్ ఉన్న మిషన్ ఎక్కువే. ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉన్నది తీసుకుంటే ఆలస్యం తక్కువ. అమెజాన్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్ నుంచి నడుస్తోంది.

నర్సంపేట రాత్రి

కీలు చేసుకునే ముందు ఇది వినండి. నర్సంపేట వైపు ఒక రైస్ మిల్లులో సర్వర్‌కి ఫైర్‌వాల్ పెడుతున్నాను, ఇంట్లో కూర్చునే. ఉబుంటులో ఫైర్‌వాల్ ప్రోగ్రాము పేరు యూఎఫ్‌డబ్ల్యూ. "యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్" కొట్టగానే అది అడిగింది, ఇప్పుడున్న ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్లు తెగొచ్చు, ముందుకెళ్ళాలా అని. వై కొట్టాను. కనెక్షన్ తెగలేదు. అంతా బాగుందనుకుని ఎగ్జిట్ కొట్టి, అన్నం తిని, మళ్ళీ లోపలికి వెళ్ళబోతే ఉలుకూ పలుకూ లేదు. అప్పటికే నడుస్తున్న కనెక్షన్‌ని ఫైర్‌వాల్ తెంచదు, కొత్తవాటినే ఆపుతుంది. నేను టన్నెల్‌లోంచి 22కి అనుమతి ఇవ్వడం మర్చిపోయాను. పొద్దున్నే మిల్లులో లోడింగ్ ఉందన్నారు. రాత్రి పదకొండుకి వానలో బండి మీద పోయి, మానిటర్ తగిలించి, ఒక్క లైను కొట్టి తిరిగొచ్చాను.

అప్పటి నుంచి మూడు అలవాట్లు. పని జరుగుతున్న విండో మూయను, రెండో విండోలో కొత్తగా లాగిన్ అయి చూశాకే మొదటిది వదులుతాను. క్లౌడ్ మిషన్‌కి కంపెనీ వెబ్ కన్సోల్ పనిచేస్తోందో లేదో ముందే ఒకసారి లోపలికెళ్ళి చూసుకుంటాను. ఫైర్‌వాల్ ముట్టుకునే ముందు టైమర్ పెడతాను. అందుకు «సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ యాట్» చేసుకుని, రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా, ఇది కొట్టాలి:

ఎకో "యూఎఫ్‌డబ్ల్యూ డిసేబుల్" | యాట్ నౌ + 10 మినిట్స్

నేను బయట పడిపోయినా పది నిమిషాల్లో ఫైర్‌వాల్ దానంతటదే దిగిపోతుంది. అంతా బాగుంటే «యాట్‌క్యూ»తో నంబర్ చూసి «యాట్‌ఆర్ఎం»తో ఆ టైమర్ తీసేస్తాను.

కీలు: ఏ మిషన్‌వి ఆ మిషన్‌లోనే

అడ్డా మీద, దుకాణం సర్వర్ మీద «సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ వైర్‌గార్డ్». విండోస్ ల్యాప్‌టాప్‌కీ ఫోన్‌కీ వైర్‌గార్డ్ యాప్ ఉంది. లైనక్స్‌లో రూట్‌గా మారి /ఈటీసీ/వైర్‌గార్డ్ ఫోల్డర్‌లోకి వెళ్ళి ఇవి కొట్టండి:

యూమాస్క్ 077
డబ్ల్యూజీ జెన్‌కీ | టీ ప్రైవేట్.కీ | డబ్ల్యూజీ పబ్‌కీ > పబ్లిక్.కీ

ఇందులో టీ అంటే ఒక్క అక్షరం కాదు, టీ-ఈ-ఈ అనే కమాండ్. రెండు ఫైళ్ళు పుడతాయి. ఒక్కోదానిలో 44 అక్షరాల ఒక వరస, చివర ఈక్వల్ గుర్తు. కాపీ చేసేటప్పుడు ఆ గుర్తు జారిపోతే కీ చెల్లదు, నాకు ఎదురైన తప్పుల్లో సగం అక్కడివే. పబ్లిక్ కీని వాట్సాప్‌లో పంపినా, గోడ మీద రాసినా ఫర్వాలేదు. ప్రైవేట్ కీ మాత్రం పుట్టిన మిషన్ దాటకూడదు. చాలామంది అన్ని కీలూ సర్వర్ మీదే తయారుచేసి, క్యూఆర్ కోడ్ ఫొటో తీసి గ్రూపులో పెడతారు. ఆ ఫొటో ఎవరి ఫోన్‌లో ఉంటే వాళ్ళు లోపలికి వచ్చేసినట్టే. ఫోన్ యాప్‌లోనే కీ పుట్టించుకుని, పబ్లిక్ కీ మాత్రమే మీకు పంపమనండి.

అడ్డా సెట్టింగ్

లోపలి అడ్రస్‌లకి 192.168.1 వరస వాడకండి. సగం ఇళ్ళ రౌటర్లలో అదే ఉంటుంది. మీ ఇంటి వైఫై, టన్నెల్ రెండూ ఒకే వరసలో ఉంటే ప్యాకెట్లు దారి తప్పుతాయి. నేను 10.77.0 వాడుతున్నాను: అడ్డా 1, దుకాణం సర్వర్ 2, నా ల్యాప్‌టాప్ 3, సేటు ఫోన్ 4. అడ్డా మీద /ఈటీసీ/వైర్‌గార్డ్/డబ్ల్యూజీ0.కాన్ఫ్ ఇలా ఉంటుంది:

[ఇంటర్‌ఫేస్]
అడ్రస్ = 10.77.0.1/24
లిజన్‌పోర్ట్ = 51820
ప్రైవేట్‌కీ = అడ్డా ప్రైవేట్ కీ

[పీర్]
పబ్లిక్‌కీ = దుకాణం పబ్లిక్ కీ
అలవుడ్‌ఐపీస్ = 10.77.0.2/32

[పీర్]
పబ్లిక్‌కీ = ల్యాప్‌టాప్ పబ్లిక్ కీ
అలవుడ్‌ఐపీస్ = 10.77.0.3/32

పీర్ అంటే టన్నెల్‌కి అవతలి వైపు మిషన్. ఈ అలవుడ్‌ఐపీస్ అనే మాటే అందరినీ తికమక పెడుతుంది. అది రెండు పనులు చేస్తుంది. ఈ కీతో వచ్చే ప్యాకెట్ ఈ అడ్రస్ నుంచే రావాలి, ఈ అడ్రస్‌కి పోవాల్సిన ప్యాకెట్ ఈ కీతోనే పోవాలి. పోస్ట్‌మ్యాన్ చేతిలోని చిరునామాల పుస్తకం అనుకోండి. ఇద్దరు పీర్‌లకి ఒకే అడ్రస్ రాస్తే తరవాత రాసినవాడికే అది దక్కుతుంది, మొదటివాడు ఏ ఎర్రర్ లేకుండా మూగబోతాడు.

దుకాణం సర్వర్ వైపు ఇంటర్‌ఫేస్‌లో తన అడ్రస్, తన ప్రైవేట్ కీ రాయండి. పీర్ ఒక్కటే, అడ్డా:

[పీర్]
పబ్లిక్‌కీ = అడ్డా పబ్లిక్ కీ
ఎండ్‌పాయింట్ = అడ్డా పబ్లిక్ ఐపీ:51820
అలవుడ్‌ఐపీస్ = 10.77.0.0/24
పర్సిస్టెంట్‌కీపలైవ్ = 25

చివరి లైను దుకాణం సర్వర్‌కి తప్పనిసరి. ప్రతి 25 సెకన్లకి ఒక చిన్న ప్యాకెట్ పోతుంటేనే రౌటర్, సీజీఎన్ఏటీ ఆ దారిని గుర్తుపెట్టుకుంటాయి. లేకపోతే కాసేపటికే మరిచిపోతాయి, అడ్డా నుంచి దుకాణానికి ప్యాకెట్ రాదు. ల్యాప్‌టాప్‌కి ఆ అవసరం లేదు, ఎప్పుడూ అదే ముందు పలకరిస్తుంది. అలవుడ్‌ఐపీస్‌లో 0.0.0.0/0 అని రాయకండి. అలా రాస్తే యూట్యూబ్‌తో సహా మీ నెట్ మొత్తం అడ్డా మీదుగా పోతుంది. మనకి కావలసింది సర్వర్ వరకే.

అడ్డా ఒకరి ప్యాకెట్ మరొకరికి అందించాలి కాబట్టి /ఈటీసీ/సిస్‌కంట్రోల్.డీ కింద ఒక ఫైల్‌లో «నెట్.ఐపీవీ4.ఐపీ_ఫార్వర్డ్=1» అని రాసి «సిస్‌కంట్రోల్ --సిస్టమ్» కొట్టండి. ఆ ఫోల్డర్ పేరు డిస్క్ మీద పొట్టిగా ఎస్‌వైఎస్‌సీటీఎల్ అనే ఉంటుంది, కమాండ్ కూడా అదే. తరవాత రెండు లైనక్స్ మిషన్ల మీదా:

సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ డబ్ల్యూజీ-క్విక్@డబ్ల్యూజీ0

క్లౌడ్ కంపెనీ ఫైర్‌వాల్‌లో 51820 తెరవాలి, అదీ యూడీపీ. ప్యాకెట్లు పంపే పద్ధతుల్లో అదొకటి, టీసీపీ ఇంకొకటి, వైర్‌గార్డ్ వాడేది యూడీపీనే. అలవాటు కొద్దీ టీసీపీ నొక్కేవాళ్ళు ఎక్కువ. నేనూ నొక్కాను.

కలవకపోతే

«సుడో డబ్ల్యూజీ షో» కొడితే ప్రతి పీర్ కింద "లేటెస్ట్ హ్యాండ్‌షేక్" అనే లైను రావాలి. రెండు మిషన్లు ఒకరి కీ ఒకరు సరిచూసుకునే పలకరింపే హ్యాండ్‌షేక్. వైర్‌గార్డ్ మౌనం ఇక్కడ మనకే ఎదురు తిరుగుతుంది. కీ తప్పైనా, పోర్ట్ తప్పైనా ఏ ఎర్రరూ చెప్పదు. కాబట్టి ఇలా విడదీసి చూడండి. హ్యాండ్‌షేక్ లైనే లేదా, తప్పు కీలోనో ఎండ్‌పాయింట్‌లోనో యూడీపీ పోర్ట్‌లోనో ఉంది. హ్యాండ్‌షేక్ ఉంది, పింగ్ లేదా, అలవుడ్‌ఐపీస్ లేదా ఫైర్‌వాల్. పింగ్ పోతోంది, ఎస్ఎస్‌హెచ్ మాత్రం సగంలో కొయ్యబారిపోతోందా, ప్యాకెట్ సైజు. వైర్‌గార్డ్ మామూలుగా 1420 ఎంటీయూ తీసుకుంటుంది, అంటే ఒక్కో ప్యాకెట్ గరిష్ఠంగా అన్ని బైట్లు. కొన్ని మొబైల్, ఫైబర్ కనెక్షన్లలో అది పట్టదు. ఇంటర్‌ఫేస్ కింద ఎంటీయూ = 1280 అని ఒక లైను చేరిస్తే సర్దుకుంటుంది.

నాలుగో కేసు ఒకటుంది, దాన్ని పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఒక దుకాణంలో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ టన్నెల్ లేవదు, కొంతసేపటికి దానంతటదే వస్తుంది. కీలు అవే, నెట్ ఉంది. చివరికి మిషన్ మీద «డేట్» కొడితే ఏళ్ళ వెనకటి తారీఖు చూపించింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ చచ్చిపోయింది. హ్యాండ్‌షేక్‌లో టైమ్ కూడా ఉంటుంది. పాత ప్యాకెట్‌ని మళ్ళీ పంపి మోసం చేయకుండా, తాను ఆఖరుగా చూసిన టైమ్ కంటే వెనకటిది వస్తే అడ్డా పక్కన పడేస్తుంది. నెట్ నుంచి గడియారం సరిచేసుకునే దాకా ఆ సర్వర్ మాట చెల్లదు. సీఆర్2032 బ్యాటరీ మారిస్తే సరిపోయింది.

ఎస్ఎస్‌హెచ్‌కి కూడా తాళం

టన్నెల్ వచ్చింది కదా అని పాస్‌వర్డ్ లాగిన్ ఉంచకండి. వైర్‌గార్డ్‌కి యూజర్ పేరు లేదు, ఓటీపీ లేదు. కీ ఉన్న ల్యాప్‌టాప్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మీరు. అందుకే రెండో తాళం వేరేది కావాలి. ల్యాప్‌టాప్‌లో «ఎస్ఎస్‌హెచ్-కీజెన్ -టీ ఈడీ25519» కొట్టి, అడిగినప్పుడు పాస్‌ఫ్రేజ్ తప్పక ఇవ్వండి. పబ్లిక్ భాగాన్ని సర్వర్‌కి ఎక్కించి, దాంతో ఒకసారి లాగిన్ అయి చూసుకున్నాకే /ఈటీసీ/ఎస్ఎస్‌హెచ్/ఎస్ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డీ ఫోల్డర్‌లో 10 అంకెతో పేరు మొదలయ్యే కొత్త .కాన్ఫ్ ఫైల్ పెట్టండి:

పాస్‌వర్డ్‌అథెంటికేషన్ నో
పర్మిట్‌రూట్‌లాగిన్ నో

10 ఎందుకంటే, ఇక్కడ మొదట చదివిన మాటే చెల్లుతుంది. క్లౌడ్ మిషన్లలో 50-క్లౌడ్-ఇనిట్ అనే ఫైల్ ఒకటి ముందే ఉండి పాస్‌వర్డ్‌కి "యస్" అని ఉండొచ్చు. మీరు పెద్ద ఫైల్‌లో ఎన్ని "నో"లు రాసినా అది వినదు. «ఎస్ఎస్‌హెచ్‌డీ -టీ»తో తప్పులేమైనా ఉన్నాయేమో చూసి, ఎస్ఎస్‌హెచ్‌ని రీస్టార్ట్ చేసి, పెద్ద టీతో మళ్ళీ కొడితే ఇప్పుడు నిజంగా అమల్లో ఉన్న సెట్టింగ్ ఏమిటో చూపిస్తుంది.

ఎస్ఎస్‌హెచ్‌ని 10.77 అడ్రస్ మీద మాత్రమే వినమని లిజన్‌అడ్రస్ పెట్టే పద్ధతి చాలాచోట్ల కనిపిస్తుంది. నేను పెట్టను. కరెంటు పోయి వచ్చినప్పుడు టన్నెల్ కంటే ఎస్ఎస్‌హెచ్ ముందు లేస్తే, ఆ అడ్రస్ ఇంకా పుట్టకపోవడం వల్ల అది లేవకుండా పడిపోవచ్చు. ఆ పని ఫైర్‌వాల్‌కి వదిలేయడమే మేలు.

ఇప్పుడు మూయండి

టైమర్ పెట్టారా? రెండో విండో తెరిచి ఉందా? ముందు దుకాణం సర్వర్ మీద:

యూఎఫ్‌డబ్ల్యూ అలవ్ ఇన్ ఆన్ డబ్ల్యూజీ0 టు ఎనీ పోర్ట్ 22 ప్రోటో టీసీపీ

దీని తరవాత చాలామంది మరిచేది దుకాణం లోపలి వైర్లు. కౌంటర్ మీది కంప్యూటర్లు ఇదే సర్వర్ నుంచి బిల్లు తీస్తాయి. ఫైర్‌వాల్ లేపగానే అవీ ఆగిపోతాయి. లోపలి నెట్‌వర్క్ వరస నుంచి బిల్లింగ్ వాడే పోర్ట్‌కి అనుమతి ఇచ్చాకే ఎనేబుల్ కొట్టండి. ట్యాలీ అయితే ఆ పోర్ట్ మామూలుగా 9000.

అడ్డా మీద 51820 యూడీపీకి, డబ్ల్యూజీ0 మీద 22కి అనుమతి ఇవ్వండి. ఆపైన ఒకరినుంచి ఒకరికి దారి:

యూఎఫ్‌డబ్ల్యూ రూట్ అలవ్ ఇన్ ఆన్ డబ్ల్యూజీ0 అవుట్ ఆన్ డబ్ల్యూజీ0 ఫ్రమ్ 10.77.0.3 టు 10.77.0.2 పోర్ట్ 22 ప్రోటో టీసీపీ

ఇందులో రూట్ అంటే దారి, రూట్ యూజర్ కాదు, స్పెల్లింగ్ వేరు. ఈ లైనుతో నా ల్యాప్‌టాప్ దుకాణం సర్వర్‌ని చేరుతుంది, సేటు ఫోన్ చేరదు. ఆయనకి కావలసింది రిపోర్ట్ పేజీ ఒక్కటే, దానికి వేరే లైను రాస్తాను. రెండు మూడు దుకాణాలకి ఒకే అడ్డా వాడితే ఈ వరసలే గోడలు. ఒక దుకాణంలో వైరస్ పడ్డా ఈ దారి గుండా పక్కదానికి పాకదు.

కొత్త విండోలో 10.77.0.2కి లాగిన్ అవండి. పని జరిగిందా, అప్పుడు «యూఎఫ్‌డబ్ల్యూ డిలీట్ అలవ్ 22/టీసీపీ», రౌటర్‌లోని ఫార్వర్డింగ్ తీసివేత, ఆపైన క్లౌడ్ ఫైర్‌వాల్‌లో 22 తీసివేత. వరస ఇదే, తలకిందులు చేయకండి. టైమర్ తీసేయడం మర్చిపోవద్దు. మరిచి పడుకున్నారంటే పది నిమిషాల్లో ఫైర్‌వాల్ తనే దిగిపోయి పొద్దుటి దాకా అలాగే ఉంటుంది.

సర్వర్ మీద డాకర్ (ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపేది) ఉంటే ఇంకో తిరకాసు. డాకర్ బయటపెట్టిన పోర్టులు యూఎఫ్‌డబ్ల్యూని తప్పించుకుని పోతాయి. వాటిని 127.0.0.1కో 10.77 అడ్రస్‌కో కట్టేయండి. విండోస్ సర్వర్ ఉన్నవాళ్ళకీ దారి ఇదే, 22 బదులు రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్ 3389.

చివరి పరీక్ష దుకాణం వైఫై మీద చేయకండి. ఫోన్ హాట్‌స్పాట్‌కి మారి, వైర్‌గార్డ్ ఆపి, అడ్డా పబ్లిక్ ఐపీ మీద ఎన్‌మ్యాప్ (తెరిచి ఉన్న పోర్టులు వెతికే ప్రోగ్రాము) కొట్టండి. 22 దగ్గర "ఫిల్టర్డ్" అని రావాలి.

రోజువారీ

ఒక పరికరానికి ఒక కీ. ఇద్దరు ఒకే కాన్ఫ్ ఫైల్ పంచుకుంటే అడ్డా ఎవరు చివర పలకరిస్తే వాళ్ళకే జవాబిస్తుంది, ఇద్దరి కనెక్షనూ ఊగిసలాడుతుంది. ఎవరు లోపలికి వచ్చారో కూడా తేలదు. గుమాస్తా మానేసినా, కాజీపేట స్టేషన్‌లో ఫోన్ పోయినా, «డబ్ల్యూజీ సెట్ డబ్ల్యూజీ0 పీర్» తరవాత ఆ పబ్లిక్ కీ, ఆపైన «రిమూవ్». కాన్ఫ్ ఫైల్‌లోనూ ఆ పీర్ చెరిపేయాలి, లేకపోతే రీబూట్‌తో మళ్ళీ బతుకుతుంది.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, గడియారాలు ఎన్‌టీపీతో, అంటే నెట్ నుంచి టైమ్ తెచ్చే పద్ధతితో, సరిచూసుకోవాలి, దాడి జరిగితే గమనించిన 6 గంటల్లో తెలపాలి. వీపీఎన్ వాడేవాళ్ళ వివరాలు 5 ఏళ్ళు దాచాలన్న నియమం జనానికి వీపీఎన్ అమ్మేవాళ్ళకి. సంస్థలు తమ లోపలి పనికి పెట్టుకున్నవాటికి అది వర్తించదని వాళ్ళే వివరణ ఇచ్చారు. వైర్‌గార్డ్ తనంతట తాను ఎవరు వచ్చారని రాసిపెట్టదు, ఎస్ఎస్‌హెచ్ రాస్తుంది. ఆ లాగ్‌ని 180 రోజులు నిలిచేలా పెట్టండి.

ఇంత శ్రమ వద్దనుకునేవాళ్ళకి టెయిల్‌స్కేల్ ఉంది, లోపల వైర్‌గార్డే, కీల పంపకం వాళ్ళు చూసుకుంటారు. యూడీపీనే ఆపేసే హాస్టల్, ఆఫీసు నెట్‌వర్క్‌ల నుంచి పనిచేయాల్సి వస్తే ఓపెన్‌వీపీఎన్ అనే ఇంకో వీపీఎన్‌ని టీసీపీ 443 మీద పెట్టుకోవడం ఒక దారి. నెమ్మదే, కానీ పోతుంది.

ఇక మిగిలింది ఒక కాగితం. క్లౌడ్ కన్సోల్ లాగిన్ ఏ మెయిల్ మీద ఉందో, అడ్డా ఐపీ ఏదో, మానిటర్ తగిలించి కొట్టాల్సిన "సుడో యూఎఫ్‌డబ్ల్యూ డిసేబుల్" అనే లైను ఏదో పెద్ద ఇంగ్లీష్ అచ్చు అక్షరాల్లో, కానీ అన్నీ స్మాల్ లెటర్సే, రాసి ఖాతా పుస్తకాలుండే బీరువా తలుపుకి లోపలివైపు అంటించాను. మొన్న అడ్డా మిషన్ రెన్యువల్ మరిచి ఆగిపోయినప్పుడు, గుమాస్తా ఆ కాగితం చూసి ఐపీ చదివి చెప్తే, నేను సెకండ్ షో సినిమా హాల్ బయట నిలబడే పని ముగించాను.